ఓడ దిగిన ఒక్కపొద్దు

నర్సంపేటలో ఎరువులు, పురుగుమందుల దుకాణం నడిపే మా బామ్మర్దికి ఒక ఏడాది కంపెనీ వాళ్ళు ఇద్దరికి విదేశీ యాత్ర బహుమతిగా ఇచ్చారు. బాగా సరుకు అమ్మిన డీలర్లను విమానంలో తీసుకుపోయి, కరీబియన్ సముద్రంలో వారం రోజులు ఓడ మీద తిప్పుతారట. అతని భార్యకు నీళ్ళంటే భయం. "లక్నవరం చెరువుల పడవ ఎక్కుమంటెనే ఎక్కలే. సముద్రం నడిమిట్ల నేనేం జేత్త? అన్నను తోల్కపో," అని నన్ను చూపించి తేల్చేసింది. అట్లా, పత్రికలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరై హన్మకొండలో ఖాళీగా కూర్చున్న నేను, పత్తి విత్తనాల గురించీ యూరియా గురించీ తప్ప మరోటి మాట్లాడని డీలర్ల మధ్య ఓడ ఎక్కాను.

మాకిచ్చింది కిటికీ లేని గది. రోజూ పొద్దున అతని భార్య వీడియో కాల్ చేసేది. అతను బనీను పైకెత్తి పొట్టలోకి ఇన్సులిన్ సూది వేసుకుంటుంటే ఆమె అక్కడి నుంచి కాపలా కాసేది.

"పొడుసుకున్నవా? మల్ల సూపియ్."

"పొడుసుకున్ననే. ఇగో. నువ్వు చూడకపోతె మందు లోపటికి పోదా?"

ఆమె సూదిని చూసేది. కంచాన్ని చూడటానికి వీలు లేదు. అసలు విషయం అక్కడే ఉంది. శనివారాలు అతనికి ఒక్కపొద్దు. పగలంతా ఏమీ తినడు, దీపాలు పెట్టాక ఒక్క పూట తింటాడు. ఓడ మీద ఒక్కపొద్దులు బంద్ అని ఆమె ముందే ఒట్టు వేయించుకుంది. సరే అన్నాడు. కానీ ఆ శనివారం పొద్దున లేచి, సముద్రం మీద ఉన్నామని దేవునికి చెప్పిన మాట తప్పుతామా అనుకున్నాడట. ఆమె చూస్తోంది కనుక సూది మాత్రం పూర్తి మోతాదు వేసుకున్నాడు. టిఫిన్ దగ్గర చక్కెర లేని చాయ్ ముందు పెట్టుకుని కూర్చుంటే, నేను కంచం నింపుకొచ్చేలోపే తినేశాడనుకున్నాను. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

ఆ రోజు ఓడ ఒక చిన్న ద్వీపం దగ్గర ఆగింది. మిగతావాళ్ళు కంపెనీ బస్సులో బీచికి పోయారు. నేను మాత్రం ఎవరో చూపించేది చూడటం ఉద్యోగంలో ఉన్నప్పుడే చాలించుకున్నవాణ్ణి. మన దారిన మనం పోదాం అన్నాను. అతను కాసేపు నసిగాడు. గుట్టల మీద అరటితోటలున్నాయట, మందులు ఎట్లా కొడతారో చూడొచ్చు కదా అని ఆశపెట్టాను. అతన్ని తీసుకుపోయింది నేనే. ఆ మాట ఇక్కడే చెప్పడం న్యాయం. నాలుగు గంటలకల్లా ఓడలో ఉండాలి. పాస్‌పోర్టులు గదిలోనే ఉన్నాయి. ఫోన్లు ఒడ్డు మీద పనిచేయడం లేదు.

రేవు దగ్గర ఒక వ్యాను ఎక్కి గుట్ట మీద దిగాం. వ్యాను వెళ్ళిపోయాక చప్పుడు పూర్తిగా ఆగిపోయింది. రోడ్డుకు రెండు వైపులా అరటి. ప్రతి గెలకూ ఒక నీలం ప్లాస్టిక్ సంచి తొడిగారు. మనిషి తల ఎత్తులో, వేల సంచులు, కింద మూతి తెరుచుకుని వేలాడుతున్నాయి. గాలి వస్తే అన్నీ ఒకేసారి ఉబ్బి, ఒకేసారి లోపలికి పీల్చుకుపోయేవి. ఊపిరి తీసుకున్నట్టు ఉండేది.

"మంచి పద్ధతి బావా," అన్నాడు మా బామ్మర్ది ఒక సంచి ఎత్తి చూస్తూ. "పురుగు రాదు, మచ్చ పడదు. పచ్చిగున్నప్పుడే కోసి ఓడలకు ఎక్కిత్తరు."

మూడు బాటలు కలిసే చోట, సరిగ్గా మధ్యలో, తెల్ల ఎనామెల్ కంచం ఒకటి పెట్టి ఉంది. అందులో కాస్త అన్నం, రెండు పండిన అరటిపళ్ళు, బెల్లంలా ఉన్న చక్కెర ముద్ద. పక్కన చిన్న సీసాలో ఏదో సారా. ముందు వేలెడంత కొవ్వొత్తి వెలుగుతోంది. మిట్ట మధ్యాహ్నం వెలుగుతున్న మంట సరిగ్గా కనపడను కూడా కనపడలేదు, దాని పైన గాలి వణకడం తప్ప. చుట్టూ ఎవరూ లేరు.

అతను నా చెయ్యి పట్టి వెనక్కి లాగాడు. "దాటకు బావా. ఎవలిదో పీడ దించి పెట్టిన్రు. తొక్కినా ముట్టుకున్నా అది మనదైతది."

"ఇక్కడ కూడానా?" అన్నాను నవ్వి.

"మూడు బాటలు యాడున్నా మూడు బాటలే."

తోటలోకి దిగి, చుట్టూ తిరిగి అవతలి దారి పట్టాం. మొహానికి ఆ నీలం సంచులు తగులుతుంటే నేనూ నవ్వడం మానేశాను.

ఆ దారి ఒక పాత చక్కెర మిల్లు దగ్గరికి పోయింది. పొగగొట్టం మిగిలింది, దాన్ని చెట్ల వేళ్ళు చుట్టేశాయి. ముందర ఏడెనిమిది ఇళ్ళు. పట్టపగలు కిటికీ తలుపులన్నీ మూసి ఉన్నాయి. దండేల మీద ఉతికిన బట్టలున్నాయి. ఒక ఇంట్లో రేడియో సన్నగా మోగుతోంది. తలుపు తట్టాను. రేడియో ఆగింది. తలుపు తీయలేదు. నేను రెండడుగులు వెనక్కి వేయగానే మళ్ళీ మొదలైంది.

"పోదాం పా బావా," అన్నాడు అతను. అప్పటికే అతని చొక్కా వీపంతా తడిసిపోయింది. ఎండ అనుకున్నాను.

తిరుగు దారిలో అతను వెనకబడ్డాడు. చూస్తే రోడ్డు అంచున నిలబడి తోటలోకి మాట్లాడుతున్నాడు.

"లారీ రాలే. నేనేం జెయ్యాలె? రేపు రాపోండ్రి."

"ఎవరితో మాట్లాడుతున్నవ్?"

"వాళ్ళతోని. లైన్ల నిలబడ్డరు గదా." గొంతు మామూలుగా, దుకాణంలో కౌంటరు వెనక నుంచి మాట్లాడినట్టే ఉంది. "పొద్దటి సంది నిలబడ్డరు. గా ముసలామెకు శాతనైతలేదు. చెప్పులు పెట్టి కూసొమ్మను."

యూరియా లారీ వచ్చేదాకా మా వైపు రైతులు తమ బదులు చెప్పులను వరసలో పెట్టి నీడకు పోతారు. అతను ఏళ్ళ తరబడి చూసిన దృశ్యమే అది. నేను తోట వైపు చూశాను. అరటి బోదెలు వరసలు కట్టి ఉన్నాయి, వాటికి నీలం సంచులు. అంతే. అయినా చాలాసేపు చూశాను.

"చెప్పుల్లేవు బావా," అన్నాడు అతను మెల్లగా. "ఒక్కలకు గూడ లేవు. వీళ్ళు లైన్ల ఏం పెడ్తరు?"

అతని చెయ్యి పట్టుకుంటే మంచులా ఉంది, వణుకుతోంది. చక్కెర పడిపోయిందని అప్పుడు అర్థమైంది.

"పొద్దున ఏం తిన్నవురా?"

"ఒక్కపొద్దు," అన్నాడు. నాలుక మడత పడింది.

"సూది?"

"ఆమె చూసె గదా."

జేబులు వెతికాను. ఇద్దరి దగ్గరా చాక్లెట్ ముక్క కూడా లేదు. ఇంటి నుంచి తెచ్చుకున్న సకినాల డబ్బా ఓడలో ఉంది. అతన్ని భుజానికి ఆనించుకుని నడిపించాను. దారిలో ఒక సంచి చింపి కాయ తెంపాను. జిగురు కారే పచ్చికాయ. అది నోట్లో పెడితే ఊసేశాడు, నన్ను తిట్టాడు, మళ్ళీ తోట వైపు తిరిగి, వరసలో తోసుకునేవాళ్ళను ఆపుతున్నట్టు "నూకకుండ్రి, నూకకుండ్రి" అన్నాడు. నర్సంపేట దవాఖానాలో ఇట్లాంటి మనిషిని ఒకసారి చూశాను, వార్త కోసం పోయినప్పుడు. నేను రాసింది ఆ మనిషి చనిపోయిన వార్త.

మూడు బాటల దగ్గరికి వచ్చేసరికి అతని మోకాళ్ళు వంగిపోయాయి. రోడ్డు పక్క గట్టుకు ఆనించి కూర్చోబెట్టాను. కళ్ళు మూతలు పడుతున్నాయి.

కంచం అక్కడే ఉంది. కొవ్వొత్తి వెలుగుతూనే ఉంది. మేము అటు పోయి గంట దాటింది. అది అదే వేలెడంత పొడవుంది.

నేను పరుగెత్తాను. నిజం చెప్పాలంటే, ఆ నాలుగడుగులూ పరుగెత్తలేదు, నడిచాను. వంగి చక్కెర ముద్ద, రెండు పళ్ళు తీసుకున్నాను. లేస్తుంటే నా చొక్కా అంచు తగిలి మంట ఆరిపోయింది. నా దగ్గర అగ్గిపెట్టె లేదు. సన్నటి పొగ లేచి, గాలి లేకపోయినా, తోట వైపు వంగింది. సంచుల చప్పుడు ఆగిపోయింది. అప్పటిదాకా అది వినిపిస్తూనే ఉందని ఆగాక తెలిసింది.

చక్కెర అతని చెంప లోపల పెట్టి వేలితో రుద్దాను. కరిగాక పండు నలిపి కొంచెం కొంచెం పెట్టాను. మింగాడు. ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. చెమట ఆరింది. కళ్ళు తెరిచి నన్ను చూసి, "నీ చేతికి ఏందది, బంక?" అన్నాడు. ఆ మాట విని నాకు ఏడుపు వచ్చింది.

"ఏం పెట్టినవ్?"

"అరటిపండు. తోటల కోసిన."

కాసేపటికి మిల్లు వైపు నుంచి ఒక చిన్న ట్రక్కు వచ్చింది. నడిపేది ముసలాయన. ఓడ బొమ్మ గీసి చూపించాను, గడియారం చూపించాను. ఎక్కమన్నాడు. నాలుగు గజాలు పోయి కంచం ముందు ఆపి దిగాడు. టోపీ తీసి చేతిలో పట్టుకుని చాలాసేపు దాన్ని చూశాడు. వెనక్కి తిరిగి, కంచం వైపు వేలు చూపించి, మా ఇద్దరి వైపు చూపించాడు.

మా బామ్మర్ది రెండు చేతులూ ఊపాడు. "మేం కాదు సార్, మేం ముట్టుకోలే. దండం."

నేనూ తల అడ్డంగా ఊపాను.

ముసలాయన కంచాన్ని దాటలేదు. ట్రక్కును వెనక్కే నడుపుకుంటూ మిల్లు దాకా పోయి, అక్కడ తిప్పి, గుట్ట అవతలి నుంచి ఇంకో దారి పట్టాడు. మధ్యలో ఒక్కసారి అద్దంలో నా చేతుల వైపు చూశాడు. నేను వాటిని తొడల కింద పెట్టుకున్నాను. రేవులో దింపాక ఎంత బతిమాలినా ఏమీ తీసుకోలేదు, చేతిలో పెట్టబోతే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఓడ ఎక్కినవాళ్ళలో చివరివాళ్ళం మేమే.

ఓడ కదిలాక అతనికి దగ్గరుండి అన్నం తినిపించి, పైకి తీసుకుపోయాను. కమ్మీ పట్టుకుని నిలబడ్డాం. ద్వీపం చిన్నదవుతోంది.

"తోటల కోసినవా, బావా?"

"ఊఁ."

"నేను రైతులకు మందులమ్మేటోన్ని. పండుబారకముందే కోసే తోటల నీకు మాగిన పండు యాడ దొరికింది?"

నేను కమ్మీ మీది చేతులు తీసి జేబుల్లో పెట్టుకున్నాను.

"కండ్లు మూసుకున్న గాని చూసిన. నీ అంగి తగిలి దీపం ఆరింది."

"మరి ఆ ముసలాయనకు ముట్టుకోలేదని ఎందుకు చెప్పినవ్?"

"నువ్వు మొకం అట్ల వెట్టినవ్, మరి." అన్నాడు అతను. "ఫికర్ చెయ్యకు. తిన్నది నేను. తగిల్తె నాకే తగుల్తది."

"తీసింది నేను. తెల్వక తిన్నోనికి తగలది."

"తెలిసే తిన్న బావా. పాణం మీద తీపి గదా."

ఇద్దరం నాకంటే నాకని కొంతసేపు వాదించుకున్నాం. అతను పాతికేళ్ళుగా నాతో ఏ వాదంలోనూ తగ్గలేదు, అప్పుడూ తగ్గలేదు. ఉన్నట్టుండి ఆగిపోయాడు.

"అది ఎవలికోసం పెట్టిన్రో."

"ఏమో."

"పిలగాడో, ముసలామెనో. జరమో, ఇంకేందో. తలుపులన్ని గట్ల ఏసుకున్నరంటె ఊకెనే ఏసుకోరు. మనకు పాణం నిమ్మలమైంది. వాళ్ళకైందా?"

ఆ ప్రశ్న నేను వేయాల్సింది. ముప్పై ఏళ్ళు, ఏ ఊళ్ళో ఏం జరిగినా, ఆ తర్వాత ఏమైందని మర్నాడు ఫోన్ చేసి కనుక్కున్నవాణ్ణి. ఆ గుట్ట మీది ఊరి పేరు కూడా అడగలేదు.

మేము తిరిగి వచ్చి కొన్నేళ్ళయింది. ఇద్దరం బాగానే ఉన్నాం. శనివారం సూది సగమే వేసుకుంటున్నాడు, ఆ సంగతి భార్యకు చెప్పాడు, తిట్లు తిన్నాడు. మిగతాది చెప్పలేదు. వరంగల్‌కు సరుకు కోసం వచ్చినప్పుడు మా ఇంటికి వస్తాడు. మా ఆవిడ చాయ్ పెట్టడానికి లోపలికి పోయాక గొంతు తగ్గించి అడుగుతాడు. పత్రికలో పనిచేసినవాడికి ఎక్కడి కబురైనా చేరుతుందని అతని నమ్మకం.

"ఏమన్న తెలిసిందా బావా, వాళ్ళది?"

"ఇంకా తెల్వలేదురా," అంటాను.