జీపు ఫ్యాన్ బెల్టులో పడిన పిల్లి

తొంభైల మొదట్లో నన్ను జమ్మలమడుగు పశువుల ఆసుపత్రికి వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. హోదా పేరు పొడుగే గానీ, చేసేది ఎక్కువగా బర్రెల కాన్పులు, గొర్రెల టీకాలు. అవి ఫ్యాక్షన్ రోజులు. ఒక ఉదయం మైలవరం వైపు నాయకుడొకాయన రెండు జీపుల మనుషులతో దిగాడు. ఎన్నికకో పార్టీ మార్చే మనిషి. ఆయన్ను చూడగానే మా కాంపౌండరు మందుల గదిలోకి పోయి లోపల గడియ పెట్టుకున్నాడు.

నాయకుడి చేతిలో తువ్వాలు, అందులో పిల్లి. ఆయన తల్లి పెంచుకునేది. చలికి బానెట్ కింద దూరి పడుకుంటే, డ్రైవరు చూసుకోకుండా బండి స్టార్ట్ చేశాడని చెప్పాడు. ఫ్యాన్ బెల్టు దాని ముందరికాలి చర్మాన్ని ఒలిచేసింది. ఎముక బాగానే ఉంది. కాలు తీసేయడమే సులువని చెప్పాను.

"తీసేది మావోళ్లకూ తెలుసు సార్. నిలబెట్టేదానికే నీ కాడికి వచ్చినా," అన్నాడు.

ఇక మిగిలింది ఫ్లాప్. భుజం వెనక చర్మాన్ని మూడు వైపులా కోసి, రక్తనాళం ఉన్న నాలుగో వైపు వదిలేసి, కిందికి తిప్పి పుండు మీద కుట్టాలి. పిల్లికి అక్కడ చర్మం వదులు కాబట్టి కోసిన చోటును దగ్గరికి లాగి కుట్టేయవచ్చు. అంతవరకు నేను దాన్ని పుస్తకంలోనే చూశాను. వారం రోజులు కట్లు మార్చి, పుండు శుభ్రపడ్డాక ఆపరేషన్ చేశాను.

మూడో రోజు కట్టు విప్పితే ఫ్లాప్ కొస నల్లబడింది. అంతదూరం నెత్తురు అందక కొస చావడం ఇందులో మామూలే. ఆ సంగతి ముందే చెప్పడం మరిచాను. పులివెందులకు బదిలీ కోరుతూ అర్జీ రాశాను. అక్కడ మాత్రం నాయకులు లేరా అనిపించి చింపేశాను.

"ఏంది సార్, నల్లగైంది? ముందే ఎందుకు చెప్పలే?" అన్నాడు, ఆ సాయంత్రం తల్లిని వెంటబెట్టుకుని వచ్చిన నాయకుడు. "మా అమ్మకు నువ్వే చెప్పుకో. నాతో కాదు," అని నా వెనక్కి వచ్చి నిలబడ్డాడు.

ఆ పెద్దావిడ కళ్లద్దాలు సర్దుకుని కాలు చూసింది. "కొస మాడింది, అంతే గదా? దోసె కొస మాడితే పారేస్తామా నాయనా? కోసెయ్." తర్వాత కొడుకు వైపు తిరిగింది. "బండి తీసే ముందర చూసుకోవద్దా, ఎద్దు మాదిరి పెరిగితివి!" ఆయన తల వంచుకున్నాడు.

చచ్చిన కొస కోసేశాను. మిగతాది అతుక్కుంది. నెలకు పిల్లి నాలుగు కాళ్ల మీదా నడిచింది, కాలి మీద వీపు బొచ్చు అడ్డదిడ్డంగా మొలిచినా.

కత్తి పట్టకముందు చెబితే వివరణ అయ్యే మాట, తర్వాత చెబితే సాకు అవుతుంది. ఆ తర్వాత ఫ్లాప్ వేసిన ప్రతిసారీ, కొస పోవచ్చని ముందే చెప్పి కేసు షీటు మీద సంతకం తీసుకున్నాను.