నాలుగు బండ్లు ఒక్కచోట ఆగిన రోజు

ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో నా ప్రాజెక్టు భాగస్వామి ఎల్బీనగర్‌లో ఉండేది. వాళ్ళది పోచంపల్లి దగ్గర మగ్గాల ఊరు. వాళ్ళ నాన్న నగరానికొచ్చి చీరల దుకాణం పెట్టాడు. మాది గుంటూరు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడ్డ కుటుంబం. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులవి. తను ర్యాలీలకు వెళ్ళేది, నేను ఇంట్లో టీవీ చూసేదాన్ని. ఆ సంగతి మా మధ్య పెద్దగా వచ్చేది కాదు. మాట్లాడుకోవడానికి మాకు బండ్లున్నాయి.

అరచేయంత చక్రాల బండ్లు, నాలుగు. వాటికి నాయకుడు లేడు. ప్రతి బండీ తన పక్కవి ఎక్కడున్నాయో వైర్‌లెస్‌లో తెలుసుకుని, వాటి వైపు కాస్త జరగాలి. అలా జరుగుతూ అన్నీ ఒకేచోటికి చేరి ఆగాలి. కాగితం మీద లెక్క కుదిరింది. నేల మీద మాత్రం ఒకదాన్నొకటి దాటిపోయి, వెనక్కి తిరిగి, మళ్ళీ దాటిపోయేవి.

ప్రాజెక్టు చూడ్డానికి వేరే ఊరి ప్రొఫెసర్ వచ్చారు. ఆ రోజే బంద్. కాలేజీ మూసేశారు కనక, మా వీధిలోనే ఉన్న మా ప్రాజెక్టు గైడ్ సార్ బండ్లను తన ఇంటికే తెమ్మన్నారు. అవేమో ఎల్బీనగర్‌లో నా భాగస్వామి దగ్గరున్నాయి.

"బస్సుల్లేవు, రావద్దే. నేను సార్‌ని బతిమాలతాను," అని ఫోన్ చేశాను.

"నువ్వేం బతిమాలకు. నడిచొస్త," అంది.

కొత్తపేట దగ్గర ఊరేగింపులో తన స్నేహితులే కనిపించారట. "ఇయ్యాల గూడ చదువేనా?" అన్నారట. అంతలో పోలీసులు లాఠీలెత్తారు, జనం పరుగెత్తారు. అట్టపెట్టెను పొట్టకు అదుముకుని తను కిందపడింది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. సార్ ఇంటికొచ్చేసరికి కుడిచెయ్యి చున్నీ చాటున ఉంది. "జర నువ్వే టైప్ చెయ్యి, ఆయాసమొస్తున్నది," అంటే నమ్మాను.

హాల్లో బండ్లు మళ్ళీ ఊగిసలాడాయి.

"పక్కదాని కబురు ఆలస్యంగ వస్తున్నది. పాత కబురు నమ్మి గట్టిగ ఉరుకుతున్నయి. ఒక్కోసారి జరిగే అడుగు సగం చెయ్యి," అంది.

"మరీ నెమ్మదిగా వెళ్తాయే."

"పోనియ్యి. ఆగుతయి గద."

సగం చేశాను. బండ్లు చిన్నగా ఊగి, దగ్గరికి జరిగి, సోఫా ముందు ఆగిపోయాయి. చూడ్డానికొచ్చిన ప్రొఫెసర్ ఒకదాన్ని తీసి గోడ పక్కన పెట్టారు. మిగతా మూడూ అటు, అది ఇటు జరిగి మళ్ళీ కలిశాయి. సంతోషం పట్టలేక తన కుడిచెయ్యి అందుకుని ఊపాను. తను నొప్పితో గోడకు ఆనుకుని కిందికి జారిపోయింది.

మా నాన్న స్కూటర్ మీద సందుల గుండా ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మణికట్టు విరిగింది.

"మీ నాన్నగారికి ఏమని చెప్పనమ్మా?" అన్నారు నాన్న.

"పడ్డనని చెప్పుండ్రి అంకుల్. పడ్డ గద."

చేతికి కట్టుతో పీజీ ప్రవేశపరీక్ష రాయలేకపోయింది. నేను అదే ప్రాజెక్టు చూపించి ఉద్యోగంలో చేరాను. మొదటిరోజు ఆఫీసు బస్సు కొత్తపేట దాటుతుంటే కిటికీలోంచి చూడలేకపోయాను.

మరుసటేడు తను రాసి సీటు తెచ్చుకుంది. ఇప్పుడు గుంపులుగా ఎగిరే డ్రోన్లు ఢీకొనకుండా చూసే పని చేస్తోంది. ఈమధ్య బడంగ్‌పేట్‌లో వాళ్ళ కొత్తింటికి వెళ్ళినప్పుడు అనేశాను:

"ఆరోజు ఇంకాస్త గట్టిగా రావద్దనాల్సింది."

"నువ్వంటె నేను ఆగుతుంటినా? అవి నా బండ్లు గూడ గదనే."

నిజమే. ఆ మాటతో నా మనసు తేలికపడాలి. పడలేదు. తను చాయ్ కప్పు ఎడమచేత్తో అందించింది. అలవాటా, ఇంకా నొప్పుందా అని అడగడానికి నాకు నోరు రాలేదు.