సండే స్కూల్లో మాంత్రికుడు

రూతు గడప దాటి నోరు విప్పేది వారంలో ఒకే ఒక్క పూట. ఆదివారం పొద్దున ఆరాధనకు ముందు, గుడి పక్కనున్న రేకుల షెడ్డులో పిల్లలకు సండే స్కూలు చెప్పేది. మిగతా రోజులన్నీ ఆళ్ళగడ్డలో ఆ ఇంటి నాలుగ్గోడల మధ్యే గడిచిపోయేవి. కొట్టేవాళ్ళు లేరు, తిట్టేవాళ్ళు లేరు. మొగుడు ఇమ్మానుయేలు బడిపంతులు, మర్యాదస్తుడు. ఆ మర్యాదే ఆమె కాళ్ళకు బంధమైంది.

అత్త దేవమ్మ పద్నాలుగేళ్ళకే, గుడిలో వాక్యం చెప్పే ఉపదేశి భార్యగా ఆ ఇంటికి వచ్చిన మనిషి. గుడి సంఘంలోని ఆడవాళ్ళంతా కలుపులకూ కోతలకూ పోతుంటే, "మనకేం ఖర్మమ్మీ? అయివారి పెండ్లాం బజార్న తిరిగితే ఏం బాగుంటాది?" అనేది. నీళ్ళు కూడా మనిషిని పెట్టి ఇంటికే తెప్పించేది. ఎండలో మాడే ఆ ఆడవాళ్ళు రూతును చూసి అదృష్టవంతురాలు అనుకునేవారు. అదృష్టం అలా కూడా ఉంటుంది, ఏం చేస్తాం!

రూతు నంద్యాల పిల్ల. ఆమె మేనమామ సంజీవయ్యకు రైల్వే స్టేషన్ దగ్గర అద్దె పుస్తకాల బంకు ఉండేది. పాత పిల్లల మాసపత్రికల్లోంచి సీరియల్ కాగితాలు చించి, వరుసగా పేర్చి, దబ్బనంతో కుట్టి, అట్ట వేసి అద్దెకిచ్చేవాడు. డెబ్భై ఒకటి ఎండాకాలం సెలవుల్లో అలాంటి కుట్టుపుస్తకం ఒకటి ఆమె చేతికి చిక్కింది. నీలాంబ అనే పిల్లను ఒక మాంత్రికుడు కిటికీల్లేని కోటలో బంధిస్తాడు. రోజుకొక జ్ఞాపకం ఆమె దగ్గర లాక్కుని తన దీపంలో చమురుగా పోసుకుంటాడు. ఇవాళ చెల్లెలి పేరు, రేపు అమ్మ గొంతు. అది చదివిన రోజు రూతుకు అన్నం సయించలేదు. అయినా మళ్ళీ మళ్ళీ చదివింది. బుద్ధిగా ఉంటే అంతా మేలే జరుగుతుందని చెప్పే నీతికథలు ఆమె చాలా విని ఉంది. బుద్ధిగా ఉన్న పిల్లయినా చీకటికొట్లో పడొచ్చని ఆ వయసులో ఆమెకు నిజం చెప్పింది ఆ కథే. అలాంటి కథలు ఎన్నేళ్ళయినా పాతబడకపోవడానికి అంతకు మించిన కారణం వెతకనక్కర్లేదు. పెండ్లయి వచ్చేటప్పుడు పుస్తకం తెచ్చుకోలేదు గాని, కథంతా ఆమెకు కంఠతా వచ్చు.

ఎనభై నాలుగులో ఒక ఆదివారం బైబిలు పాఠంలో దానియేలు సింహాల గుహలో పడ్డాడు, అదే ఆదివారం బయటికీ వచ్చేశాడు. "తర్వాతేమాయ టీచరమ్మా?" అని పిల్లలు మీద పడ్డారు. రూతు ఉండబట్టలేక నీలాంబ కథ ఎత్తుకుంది. వారానికి కొంచెం చొప్పున చెప్పి, ఆపినచోట కళ్ళు మూయించి, ప్రార్థన చేయించి పంపేది. అక్కడే కొంప మునిగింది. ప్రార్థనతో ముగిసిందంటే అది దేవుడి కథేనని పిల్లలు నమ్మేశారు. తోడుగా వచ్చిన దేవమ్మ షెడ్డు వాకిట్లో అటు తిరిగి కూర్చునేది, ఎప్పుడూ ఏమీ అనలేదు.

పిల్లల పరీక్షకని నంద్యాల నుంచి జకరయ్య అనే పెద్దాయన వచ్చాడు. "చెరలో ఉండి కూడా ధైర్యం చెడనిది ఎవరు?" అని అడిగి, యోసేపు అనే జవాబు కోసం చూస్తున్నాడు.

"నీలాంబ!" అని పిల్లలంతా రేకులు ఎగిరిపోయేట్టు అరిచారు.

"ఎవురూ?"

"నీలాంబ, అయ్యా! మాంత్రికుడు ఆయమ్మ జ్ఞాపకాలన్నీ దీపంలో పోసుకుంటాండాడు."

"అది ఏ గ్రంథంలో ఉండాది?"

ముందు వరసలోని పిల్ల చేతులు కట్టుకుని లేచింది. "ఇంకా అయిపోల్యా అయ్యా. వచ్చే ఆదివారం ఉండాది."

నవ్వి వదిలేయాల్సిన మాటకు సంఘం పెద్దలంతా కూర్చున్నారు. రూతు అందరి ముందూ నిలబడి క్షమాపణ అడగాలి, సండే స్కూలు ఇకమీదట ఇమ్మానుయేలు చెప్పాలి అని తేల్చారు.

"నలుగుర్లో నా తల తీసేస్తివి గదే! దయ్యాల కతలు చెప్పేకి నీకు గుడే దొరికెనా?" అన్నాడు ఇమ్మానుయేలు ఇంటికొచ్చాక.

"ఇంగ బైబిలు కతలే చెప్తా. ఆ ఒక్క పూట తీసుకోవద్దు. నీ కాళ్ళు పట్టుకుంటా."

"నా చేతల్లో ఏముంది? పెద్దోళ్ళ మాట."

తరవాతి ఆదివారం రూతు కొంగు కప్పుకుని నిలబడి, పిల్లలకు లేనిపోనివి చెప్పానని ఒప్పుకుంది. చిన్ననాడు తనకు తోడున్న పిల్లను తన నోటితోనే అబద్ధమంది. ఆ తర్వాత ఆరాధనకు అత్త వెంట వెళ్ళడం, అత్త వెంటే రావడం. షెడ్డులో మొగుడు చెబుతుంటే పిల్లలు గొణుగుతూ వల్లించే వచనాలు వినబడేవి.

వానలు పడ్డాక ఒక సాయంత్రం అత్తాకోడళ్ళు వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నారు. ఇమ్మానుయేలు ఇంకా బడి నుంచి రాలేదు.

"అమ్మీ, ఆ పిల్ల బయటపడెనా ల్యాదా?" అంది దేవమ్మ తలెత్తకుండా.

"ఏ పిల్లత్తా?"

"నీలాంబ. వాకిట్లో కూచ్చోని నేనేమన్నా కునుకు తీస్తాంటినా?"

రూతుకు ఒళ్ళు మండింది. సంఘం కూర్చున్న రోజు ఈ నోరు యాడికి పోయిందని అడగబోయింది. కాని ఆ కథ కావాలని అడిగే మనిషి మళ్ళీ దొరికినందుకు గొంతు దానంతటదే కదిలింది.

"బయటపడిందత్తా. కోట వాకిట్లో ఒక ముసలామె బీగం చెవులు పట్టుకోని కావలుంటాది. నీ పేరేందవ్వా అని నీలాంబ అడిగితే ఆమెకు గుర్తురాల్యా. అంతకు ముందర మాంత్రికుడు ఎత్తుకొచ్చిన పిల్లే ఆమె. జ్ఞాపకాలన్నీ అయిపోయినాక, ఆడ్నే కావలి పెట్టినాడు. నీలాంబ ఆమె చేతిలోంచి బీగం చెవి తీసుకోని, తలుపు తెర్సుకోని పరిగెత్తింది."

దేవమ్మ చేతులు ఆగిపోయాయి. "ముసల్దాన్ని పిల్చలేదా?"

"పుస్తకంలో అంతేనత్తా."

"ఒక్క మాట పిల్చింటే... ఆమె గూడా పొయ్యేది గదమ్మీ."

వీధిలో పొద్దు గుంకుతోంది. దేవమ్మ నడుం పట్టుకుని లేచి, రోజూ వేసినట్టే వీధి తలుపుకు గొళ్ళెం వేసింది. వచ్చి రూతు పక్కన చేరగిలబడి, "మొదట్నించీ చెప్పు" అంది.