ఉద్దానం జీడితోటలో నలుగురి సీసా

ఏటా వేసవి ముందు మా కాలేజీ నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటిస్తారు. పాఠాలకు బయట ఇంకేమైనా నేర్చుకోవాలనుకునే ఎంబీబీఎస్ విద్యార్థులకు ఏమేం ఉన్నాయో అందులో రాస్తారు: క్విజ్, వక్తృత్వం, వైద్య శిబిరాలు, పరిశోధన. నలుగురిలో నోరు తెరవలేని దాన్ని కాబట్టి పరిశోధన ఎంచుకున్నాను. లైబ్రరీలో కూర్చుని చదివితే సరిపోతుందనుకున్నాను. ఉద్దానం కిడ్నీ జబ్బు మీద దొరికినవన్నీ చదివాను కూడా. అప్పుడు గైడ్ సార్ నా చేతిలో ముప్పై ఫారాలు పెట్టారు. ఆ ఊళ్లకు వెళ్లి, రోజుకు ఎన్ని గ్లాసుల నీళ్లు తాగుతారో ముప్పై మందిని అడిగి రాయాలి. సోమవారానికి ముప్పై ఇస్తే రెండు నెలలు ల్యాబ్‌లో పనిచేసే చోటు నాది. లేకపోతే జాబితాలో నా తర్వాతివాళ్లది. ఆ చోటు కోసం ఏడాదిగా ఎదురుచూస్తున్నాను.

శనివారం పొద్దున ఐదున్నరకు విశాఖలో రైలెక్కాను. జనరల్ టికెట్ వంద రూపాయల లోపే. తొమ్మిదింటికి పలాసలో దిగాల్సిన దాన్ని పదింటికి దిగాను. కోటబొమ్మాళి దాటాక రైలు చాలాసేపు ఆగింది. ఎందుకో ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. కాశీబుగ్గలో వజ్రపుకొత్తూరు వైపు వెళ్లే షేర్ ఆటో మనిషికి నలభై. పదిమంది నిండేదాకా కదలదు. తొమ్మిదో మనిషి వచ్చి కూర్చున్నాక, నిమ్మకాయలు మరిచిపోయానంటూ దిగి వెళ్లాడు. అతని కోసం ఇంకో పావుగంట.

"ఏటమ్మా, కిడ్నీలోల్లేనా?" అన్నాడు డ్రైవరు, నా మెడలోని కాలేజీ కార్డు చూసి.

"స్టూడెంట్‌నండీ. సర్వేకి వచ్చాను."

"అదేలే. రగతం తీసుకెల్లినోల్లని శానామందిని తిప్పినాను. రిపోర్టు అట్టుకొచ్చినోడు ఒక్కడూ నా ఆటో ఎక్కనేదు."

వెనక ఎవరో నవ్వారు. నేను సీసాలో మిగిలిన నీళ్లు తాగేసి రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను.

ఊరి మొదట్లో ఆశా కార్యకర్త కుమారి గారు నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉన్నారు. "పదకొండింటికా తల్లీ ఒచ్చేది? ఆరింటికే రమ్మని మీ సారుకి సెప్పినాను. ఇప్పుడు ఇల్లల్లో కోళ్లు తప్ప ఎవులుంతారు?"

సార్ నాకు చెప్పింది పదకొండే. అన్ని తలుపులకూ తాళాలు. కుమారి గారి వెంట ఇసుక దారిలో ఇరవై ఐదు నిమిషాలు నడిస్తే జీడితోట వచ్చింది. అక్కడ నలుగురు ఆడవాళ్లు వంగి, రాలిన జీడిపిక్కలు ఏరుతున్నారు. అందరిలో పెద్దావిడ దమయంతి గారు, యాభై దాటి ఉంటారు. ఆవిడ నన్ను చూసి బుట్ట దించారు.

"ఓలమ్మా, ఈ గుంట మొకం కందిపోనాది. ముందు నీల్లు తాగే."

కొమ్మకు కట్టిన పాత కూల్‌డ్రింక్ సీసా విప్పి ఇచ్చారు. రెండు లీటర్లది. నేను ఎత్తిపోసుకుని తాగాను, కొంత మెడ మీద పోసుకున్నాను. దించేసరికి సీసా సగమైంది. నలుగురూ సీసా వైపే చూస్తున్నారు. వాళ్లలో చిన్నావిడ లక్ష్మి పక్కున నవ్వింది. "మా నలుగురి వాటా ఒక్కద్దానివే లాగించేసినావు గదే!"

అప్పుడు తెలిసింది. మూడింటిదాకా నలుగురికీ అదొక్కటే సీసా. నలుగురూ ఒకచోటికి వస్తేనే మూత తీస్తారు, తలా రెండు గుక్కలు తాగి మళ్లీ కట్టేస్తారు. "ఒకల్లు ముందు తాగేత్తే ఎనకాలోల్లకి ఉండవు గదా," అన్నారు దమయంతి గారు. కుళాయి ఊళ్లోనే ఉంది. వెళ్లి వచ్చేలోపు ఒక బుట్ట పిక్కలు ఏరొచ్చు, అందుకే ఎవరూ వెళ్లరు.

ఫారం తీసి చూశాను. ఉదయం ఎన్ని గ్లాసులు, మధ్యాహ్నం ఎన్ని గ్లాసులు, రాత్రి ఎన్ని గ్లాసులు. సిగ్నల్ కోసం ఇసుక దిబ్బ ఎక్కి సార్‌కి ఫోన్ చేశాను.

"ఎనిమిదని వేసెయ్యమ్మా, సగటున అంతే ఉంటుంది."

"సార్, ఇక్కడ గ్లాసే లేదు."

"ముప్పై పూర్తి చెయ్యి ముందు." ఫోన్ పెట్టేశారు.

సీసా పట్టుకుని కుళాయికి బయల్దేరాను. నింపుకుని తిరిగొచ్చేసరికి గంట. దారి పొడవునా కుమారి గారు సణుగుతూనే ఉన్నారు. అందులో ప్రతి మాటా న్యాయమే. దమయంతి గారు సీసా అందుకుని, తాగకుండా కొమ్మకు కట్టి, మిగతా ముగ్గురినీ కేకేశారు. తలా రెండు గుక్కలు తాగాక నా పక్కన కూర్చున్నారు.

"ఇప్పుడు రాసుకో. గానీ నాకొకటి సెప్పాలి. మా ఆయన వారానికి రెండుసార్లు పలాసలో డయాలసిస్ సేయించుకుంతన్నాడు. పోయినేడు బండోల్లు ఒచ్చి ఆయనకీ నాకూ రగతం తీసినారు. ఆయనది తెలిసిందే. నాదేటైనాది? సాయంత్రానికి కాల్లు పొంగిపోతన్నాయి."

"ఎవరు వచ్చారు? ఏ ఆసుపత్రి వాళ్లు?"

"తెల్ల బండి."

అన్నీ తెల్ల బండ్లే. నేను లైబ్రరీలో చూసిన గ్రాఫుల్లో ఏదో ఒకదానిలో ఈవిడ కూడా ఒక చుక్కగా ఉండే ఉంటారు. ఆ చుక్క పక్కన పేరు ఉండదు.

పక్క తోటలకు వెళ్తే ఇంకో పదిమందైనా దొరికేవారు. నేను కుమారి గారితో కలిసి ఆరోగ్య కేంద్రానికి వెళ్లాను. రక్తం తీసే ఆయన వెళ్లిపోయాడు. పేర్లు రాసుకునే ఆవిడ భోజనానికి వెళ్లింది. రెండు గంటలు బెంచీ మీద కూర్చుని సోమవారం పరీక్షకు దమయంతి గారి పేరు రాయించాం. అప్పటికి ఇల్లు చేరిన దమయంతి గారికి కుమారి గారి ఫోన్‌లో ఆ సంగతి చెప్తే, "మళ్లీ రగతం తీసుకుని పోతారు, అంతేగదా?" అన్నారు.

"రిపోర్టు నేను తెప్పించి చెప్తానండీ," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఐదింటి ఆటోకి, రాత్రి రైలుకి తిరిగొచ్చాను. సంచిలో నాలుగు ఫారాలు. గ్లాసుల గడిలో "రెండు లీటర్ల సీసా, నలుగురికి, మూడింటిదాకా" అని రాశాను. సోమవారం సార్ వాటిని తిరగేసి, "ఇది డేటా కాదమ్మా," అన్నారు. చోటు మా క్లాసులో ఇంకొకరికి వెళ్లింది. అతని ఫారాలు బల్ల మీదే ఉంటే చూశాను. ముప్పైలోనూ ఎనిమిదే.

ఆ వారం ఆరోగ్య కేంద్రానికి నాలుగుసార్లు ఫోన్ చేశాను, ఏం మాట్లాడాలో ముందే కాగితం మీద రాసుకుని. ఒకసారి రేపన్నారు, ఒకసారి రాంగ్ నంబరన్నారు. శుక్రవారం కుమారి గారు రిపోర్టు ఫోటో పంపి, దమయంతి గారికి ఫోన్ ఇచ్చారు. డాక్టరు రాసింది చదివి చెప్పాను: రక్తంలో క్రియాటినిన్ కొంచెం ఎక్కువుంది, నొప్పి మాత్రలు వాడొద్దు, నెలకి మళ్లీ పరీక్ష.

"పోనీలే గుంటా. మంచో సెడ్డో తెలిసినాది. ఇన్నాల్లూ అదీ నేదు."

ల్యాబ్ చోటు పోయినందుకు నాకింకా కోపంగానే ఉంది. ఆ ఎనిమిది గ్లాసులు ఎక్కడో అచ్చవుతాయి, నాలాంటిదే ఎవరో లైబ్రరీలో కూర్చుని నమ్ముతుంది. వచ్చే నెల దమయంతి గారి రెండో పరీక్ష. ఈసారి సెలవు పెట్టి వెళ్తున్నాను, సార్‌కి చెప్పలేదు. మీరు కూడా సర్వే కోసం అటు వెళ్తే, కాశీబుగ్గలోనే ఐదు లీటర్ల నీళ్ల క్యాన్ కొని తీసుకెళ్లండి. బరువే, ఇసుకలో చెయ్యి లాగుతుంది. తిరిగొచ్చేటప్పుడు నిండుగా ఉన్నా సరే, తోటలోనే వదిలేసి రండి.