బిగింపు పిన్ని గాలి తుపాకులు

ఎవరింటికి వెళ్ళినా ముందు కుర్చీ కాళ్ళు కదిపి చూస్తే కానీ కూర్చోని మనిషిని ఏమని పిలవాలి? ఆ వీధివాళ్ళు బిగింపు పిన్ని అన్నారు. కుర్చీ ఊగిందా, ఇచ్చిన కాఫీ పక్కన పెట్టి చేతిసంచిలోంచి స్క్రూడ్రైవరు తీసేది. అది బిగిశాక కానీ ఆ ఇంటి పెళ్ళి కబుర్లూ జబ్బు కబుర్లూ ఆమె చెవికెక్కేవి కావు.

ముప్ఫై రెండేళ్ళు బట్టల కర్మాగారంలో కుట్టుమిషన్లు బాగుచేసింది పిన్ని. ఆరు వరసలు, వరసకు నలభై మిషన్లు. అక్కడ ఒకటే శాసనం: నూనె చుక్క బట్ట మీద పడకూడదు. పడితే చొక్కా చెత్తలోకి, మాట మెకానిక్కు మీదకి. అందువల్ల నూనె వేయడం ఒక వంతు పనైతే తుడవడం మూడు వంతులు. చివర్న తెల్లగుడ్డతో మిషనంతా ఒత్తి చూడాలి. గుడ్డ తెల్లగానే ఉంటే పని అయినట్టు. ఈ అలవాటు ఆమె చేతుల్లోకి ఎంతగా ఇంకిపోయిందంటే, ఇంట్లో భోజనాలయ్యాక పళ్ళేలు కూడా అలాగే ఒత్తి చూసేది. బస్సు నడిపి నడిపి ఇంటిపట్టున కూర్చున్న భర్త, "నన్ను కూడా ఓసారి ఒత్తి చూడవే, ఎక్కడన్నా కారుతున్నానేమో" అనేవాడు.

పని మానేశాక ఆమెకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. అప్పుడు దొరికాయి గాలి తుపాకులు. పక్కింటి అటక మీద ఒకటి, పాతసామాన్ల కొట్టులో రెండు. పూర్వం పిల్లలకు కొనిచ్చేవారు వాటిని: పొట్టి గొట్టం, భుజానికి ఆనించే కొయ్య మడమ, కింద లాగే ఇనప పిడి. మందూ లేదు, పొగా లేదు. పిడి లాగితే లోపలి స్ప్రింగు ముడుచుకుంటుంది. మీట నొక్కితే అది దూకి గాలిని తోస్తుంది. ఆ గాలి మిరియపు గింజంత ఇనప గుండును విసిరికొడుతుంది. అంతే విద్య. ఇంత చిన్న వస్తువు మీద పెద్దవాళ్ళకు ఎంత కోపమో! కిటికీ అద్దం పగిలిందంటే అదే, కాకి ఎగిరిందంటే అదే. ప్రతి తరమూ దాన్ని అటకెక్కించింది, ఏ తరమూ పారేయలేదు. లోకంలో అటకలన్నీ గాలిస్తే బయటపడేవి ఎక్కువగా ఇలాంటివే: తిట్టి దాచుకున్నవి.

వీటిని తయారుచేసినవాళ్ళు మళ్ళీ విప్పే ఉద్దేశంతో చేయలేదు. రేకు మడిచి నొక్కేశారు. పిన్నికి ఆ నొక్కుడు చూస్తేనే పంతం పుట్టేది. స్ప్రింగును అదిమిపట్టడానికి వంచిన ఇనప పట్టీ ఒకటి తనే కోసుకుంది. విప్పేముందు పిడి లాగి ఉందేమోనని మూడుసార్లు చూసేది. లాగి ఉండగా విప్పితే వేళ్ళు దక్కవు. మడమ మరలు, పిడి మర, మీట చీల, తరవాత పట్టీ బిగించి స్ప్రింగు అదిమి, అడ్డు చీల లాగడం. ఆ చివరి చీల బయటికొచ్చే క్షణంలో ఊపిరి బిగబట్టేది. భర్త రేడియో ఆపేసేవాడు.

ఊరి ఎగ్జిబిషన్ మైదానంలో తుపాకీతో డబ్బాలు కొట్టే స్టాలు ఒకటుంది. దాని యజమాని నాలుగు పాత గాలి తుపాకులు తెచ్చి ఆమె బల్ల మీద పరిచాడు. నాలుగూ మూగపోయాయి.

"పిన్నిగారూ, పద్దెనిమిదేళ్ళుగా ఆ మూల నాదే. ఈసారి ఇవి పేలకపోతే బెలూన్లవాడికి ఇచ్చేస్తారట. ఆ మూల పోతే నాకు ఇంకో బతుకు లేదు."

"పేలతాయి. వెళ్ళి పడుకో," అంది పిన్ని.

అన్నిటిలోనూ జబ్బు ఒకటే. గాలిని తోసే దట్టె (పిస్టను) చివర సైకిలు పంపులో ఉండేలాంటి తోలు గిన్నె ఎండి, పెళుసై, పొడుంలా రాలిపోయింది. కొత్త తోలు కావాలి. తోలంటే ఆడపడుచే. భర్త చెల్లెలు రెండు వీధుల అవతల సంచులూ పెట్టెలూ కుట్టే కొట్టు పెట్టుకుంది. వయసులో పిన్నికంటే చిన్నది, నోటి దురుసులో రెండాకులు ఎక్కువే చదివింది. నాలుగు బిళ్ళలు కోసి, తడిపి, అచ్చులో నొక్కి గిన్నెలు చేసి ఇచ్చింది. పిన్ని వాటిని ఆమె ఎదురుగానే నూనెలో నానబెట్టింది. నానాక తీసి, పాత నూలుగుడ్డలో పెట్టి పిండింది, ఒత్తింది, రాత్రంతా బరువు కింద ఉంచింది. గొట్టం లోపలా మెరిసేదాకా తుడిచింది. తెల్లగుడ్డ తెల్లగా వచ్చింది. బిగించి పెరట్లో ఒక్కొక్కటి ఇరవైసార్లు కాల్చింది. డబ్బాలు ఎగిరిపడ్డాయి.

"మధ్యలో నూనె వేస్తూ ఉండాలా?" అన్నాడు స్టాలాయన.

"అన్నీ నేను చూసుకున్నాను. నువ్వు చెయ్యి పెట్టకు."

ఎగ్జిబిషన్ తెరిచిన సాయంత్రం, ఒక్కో తుపాకీ ఇరవైసార్లు పేలేదాకా, మొదటి అరగంట మజాగా గడిచింది. తరవాత గుండ్లు డబ్బాల దాకా వెళ్ళడం మానేశాయి. సగం దారిలో వాలిపోయాయి. ఆపైన గొట్టంలోంచి జారి కాల్చినవాడి చెప్పు మీదే పడ్డాయి. "తుపాకీ ఉమ్మేస్తోందిరోయ్!" అని ఎవరో అరిచారు, జనం గొల్లుమన్నారు. మైదానం గుమాస్తా వచ్చాడు. పిన్ని అక్కడే ఉంది. ముఖం కందిపోయింది.

"నా బిగింపులో లోపం లేదు. తోలు చెడ్డది. మా ఆడపడుచు కోసింది," అనేసింది గట్టిగా, ముప్ఫైమంది వింటూండగా.

గుమాస్తా చేతి గడియారం చూసుకున్నాడు. "రేపు సాయంత్రం నాలుగింటికి నా ఎదురుగా నాలుగూ యాభయ్యేసి సార్లు పేలాలి. లేదా మూల ఖాళీ చెయ్యాలి."

పొద్దున్నే ఆడపడుచు గుమ్మంలో నిలబడింది. చెప్పులు కూడా విప్పలేదు.

"నా తోలు చెడ్డదా వదినా? రాత్రే ఇద్దరు నా కొట్టులో ఇచ్చిన పెట్టెలు వెనక్కి పట్టుకెళ్ళారు. ఊరంతా వినేలా చెప్పావటగా!"

"ఇరవైసార్లు పేలి చచ్చిందంటే తోలు కాక మరేమిటే? స్ప్రింగు అలసిపోయిందా?"

"స్ప్రింగుకి అలుపు ఉండదు, నీకు సిగ్గు ఉండదు. విప్పు. నా కళ్ళముందు విప్పు."

లోపల గదిలోంచి భర్త, "ఇద్దరూ నన్ను సాక్షిగా పిలవకండి, నేనింట్లో లేను," అన్నాడు.

పిన్ని మొదటి తుపాకీ విప్పింది. మరలు వరసగా అట్టముక్క మీద గుచ్చింది. చీల లాగింది, దట్టె బయటికి తీసింది. స్ప్రింగు కొలిచింది; నిక్షేపంగా ఉంది. గొట్టంలో దీపం వెలుగు పట్టి చూసింది, నిటారుగా ఉంది. రెండోది విప్పింది, అదే. మూడోది, అదే. మూడు తోలు గిన్నెలూ బల్ల మీద పక్కపక్కన పెట్టింది. అంచులు ముడుచుకుని లోపలికి తిరిగి ఉన్నాయి. ఆడపడుచు ఒకటి తీసి వేళ్ళమధ్య నలిపింది. అటుకులా కరకరమంది.

"ఇంత ఎండేసరికి గొట్టానికి ఎలా అంటుకుంటుందమ్మా? దీనికి నూనె పెట్టావా అసలు?"

"నానబెట్టాను. నువ్వే చూశావుగా."

"చూశాను. తరవాతేం చేశావు?"

పిన్ని బల్ల అంచున మడత పెట్టి ఉన్న తెల్లగుడ్డ వైపు చూసింది. సైకిలు పంపు తోలుకు నూనె ఉండాలన్న సంగతి తెలియనిదా ఆమెకు? తెలుసు. కానీ ముప్ఫై రెండేళ్ళ చేయి ఆమెను అడిగి తుడవలేదు. నూనె కనబడగానే తుడిచేసింది. నాలుగింటిలోనూ పని బాగా చేశాననుకుంటూనే పాడుచేసింది. ఆపైన స్టాలాయనను నూనె సీసా తాకనివ్వలేదు.

"తుడిచాను," అంది చివరికి.

"తోలుకి నూనె తాగించి, మళ్ళీ కక్కించావా? ఏ జన్మలో పాపమే అది?"

"ఆపు. టైమెంత?"

"పది."

"ఆరు గంటలు. కొత్తవి నాలుగు కోస్తావా, ఇంకా తిడతావా?"

"రెండూ చేస్తాను," అని ఆడపడుచు చెప్పులు విప్పింది.

నాలుగో తుపాకీ కూడా విప్పాల్సి వచ్చింది. నాలుగూ విప్పి నాలుగూ బిగించాలి. పిన్నికి కష్టం స్ప్రింగులు అదమడంలో లేదు, చేతిని ఆపడంలో ఉంది. నూనె నానిన తోలును దట్టెకు తొడుగుతూంటే బొట్లు రాలేవి, చేయి దానంతట అదే గుడ్డ కోసం వెళ్ళేది. రెండుసార్లు ఆడపడుచు చేతి మీద కొట్టింది. మూడోసారి పిన్నే గుడ్డ తీసి కిటికీలోంచి పెరట్లోకి విసిరేసింది. మూడో తుపాకీ దగ్గర ఇనప పట్టీ జారి బొటనవేలి చర్మం లేచిపోయింది. చింకిపేలిక చుట్టుకుని మళ్ళీ అదిమింది. భోజనం ఊసెత్తలేదు. భర్తే రెండు రొట్టెలు తెచ్చి చెరొకటి నోట్లో పెట్టి వెళ్ళాడు.

మూడున్నరకు ఇద్దరూ తుపాకులు చెరి రెండు భుజాన వేసుకుని మైదానంలోకి నడిచారు. చీరల మీద, చేతుల మీద, చెంపల మీద నూనె. స్టాలాయన డబ్బాలు పేర్చి, ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని నిలబడ్డాడు. గుమాస్తా కుర్చీ వేయించుకున్నాడు.

మొదటిది యాభై. డబ్బాలు ఎగిరాయి. రెండోది యాభై. ఇరవై దాటేటప్పుడల్లా స్టాలాయన కళ్ళు మూసుకునేవాడు. మూడోది. నాలుగోది నలభై ఒకటి దగ్గర ఒక గుండు కొంచెం కిందుగా పోయింది. పిన్ని గొట్టం మీద, దట్టెకు ఎదురుగా ఉన్న రంధ్రంలో మూడు బొట్లు వేసి ఇచ్చింది. మిగతా తొమ్మిదీ గట్టిగా తగిలాయి. గుమాస్తా లేచి కాగితం మీద సంతకం పెట్టి, "ఉండండి," అన్నాడు. ఆ ఒక్కమాటకు స్టాలాయన అక్కడే మట్టిలో కూలబడిపోయాడు.

అంతటితో అయిపోయేదే. కానీ పిన్ని కదల్లేదు. నిన్న నవ్వినవాళ్ళలో సగంమంది ఈవేళా ఉన్నారు. ఆమె బల్ల ముందుకొచ్చి నిలబడింది.

"నిన్న తోలు చెడ్డదన్నాను కదా. తోలు మంచిదే. తప్పు నాది. నూనె ఉండాల్సినచోట ఉండనివ్వకుండా తుడిచేశాను. మా ఆడపడుచు కొట్టులో ధైర్యంగా సంచులు కుట్టించుకోండి."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒకాయన మాత్రం, "హ్యాండిలు ఊడిన పెట్టె ఉంది, ఎక్కడమ్మా కొట్టు?" అనడిగాడు. ఆడపడుచు దారి చెప్పింది. చెబుతున్నంతసేపూ వదిన ముఖం వైపు చూడలేదు.

పిన్ని స్టాలాయన చేతికి నూనె సీసా ఇచ్చింది. "రోజూ పొద్దున్నే ఒక్కోదానికి అయిదు బొట్లు. నా ఎదురుగా ఒకసారి వెయ్యి." అతను వేశాడు. "తుడవకు!" అని అరిచింది. అతను తుడవబోనేలేదు పాపం.

అప్పుడు ఆడపడుచు ఒక తుపాకీ ఎత్తింది. ఒక కన్ను మూసి, తరవాత రెండో కన్ను మూసి, అయిదు గుండ్లు కాల్చింది. ఒక్క డబ్బా కూడా కదల్లేదు.

"ఇది వంకరగా ఉంది వదినా."

"వంకర నీ మెడలో ఉంది. కొయ్యని భుజానికి ఆనించు. ఇంకా. ఊపిరి బిగబట్టు," అంటూ పిన్ని గుండ్లు నింపి తుపాకీ మళ్ళీ ఆమె చేతుల్లో పెట్టింది. "డబ్బా పడేదాకా ఇంటికి వెళ్ళేది లేదు. కాల్చు."