చేయి ఊపింది ఆయన, విసిరింది నేను

పద్నాలుగేళ్లుగా మోస్తున్నాను దీన్ని. మా ఆవిడకి కూడా తెలియదు. చెబుదామని రెండుసార్లు కారు పక్కకి ఆపాను. ఏమైందని అడిగితే టైర్‌లో గాలి తగ్గినట్టుందని దిగి, చూసినట్టు నటించి, మళ్లీ ఎక్కాను. మరి మీకెందుకు చెబుతున్నాను? మీరెవరో నాకు తెలియదు కాబట్టి. నేనెవరో మీకు తెలియదు కాబట్టి. ఇందులో ధైర్యమేమీ లేదు, ముందే చెప్పేస్తున్నాను.

ఒక శనివారం మధ్యాహ్నం ఫుట్‌బాల్ స్టేడియంలో నేనొక తప్పు చేశాను. శిక్ష ఇంకొకాయన అనుభవించాడు. అనుభవిస్తూ కూడా నన్ను మంచివాడనే అనుకున్నాడు. ఈ రెండోదే నన్ను ఎక్కువగా తినేస్తోంది.

అప్పట్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఓ చిన్న యూనివర్సిటీ ఊళ్లో ఎమ్మెస్ చదువుతున్నాను. ఎఫ్-వన్ వీసా. ఊరు పేరు చెప్పను. కొత్తగా వచ్చే విదేశీ విద్యార్థులని ఎయిర్‌పోర్ట్ నుంచి తీసుకొచ్చి, మంచం పరుపు దొరికేదాకా ఇంట్లో ఉంచుకునే పెద్దవాళ్లు కొందరు అక్కడ ఉండేవారు. నాకు దొరికింది వాల్టర్, డొరతీ. ఆయన హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాడు. "సార్" అంటే ఒప్పుకునేవాడు కాదు, పేరు పెట్టే పిలవమనేవాడు. పిలిచేవాడిని. మనసులో మాత్రం వాల్టర్ గారే.

అమెరికన్ ఫుట్‌బాల్ ఆయనే నేర్పాడు నాకు. వంటింటి బల్ల మీద ఉప్పు డబ్బా, మిరియాల డబ్బా, నాలుగు చెంచాలు పెట్టి, ఎవడు ఎవణ్ణి అడ్డుకోవాలో చూపించాడు. స్టేడియంలో ఆ దంపతులకి ముప్పై ఏళ్ల పైగా ఒకే వరుసలో రెండు సీట్లు ఉన్నాయి, ప్రతి సీజన్‌కీ రెన్యూ చేసుకుంటూ వచ్చారు. డొరతీ గారికి మోకాళ్లు అరిగిపోయి మెట్లెక్కలేకపోయేసరికి ఆవిడ సీటు నాకిచ్చారు. "ఖాళీగా ఉంచితే ఆయనకి బెంగ," అని ఆవిడే అంది.

నేను దేనికీ అరిచే మనిషిని కాను. కానీ అక్కడ అరిచేవాడిని. లక్షమంది ఒకే రంగు చొక్కాలేసుకుని ఒకే పాట పాడుతుంటే, నా యాస ఎవరికీ వినపడదు. క్లాసులో, షాపులో, బస్సులో నేను పరాయివాణ్ణి. అక్కడ కాదు. పక్కనున్న ముక్కూమొహం తెలియని మనిషి వచ్చి నన్ను వాటేసుకునేవాడు. అది ఎంత మత్తో చెప్పలేను.

వాల్టర్ గారికి ఒక అలవాటు ఉండేది. మ్యాచ్ అయిపోయాక అవతలి టీమ్ అభిమానులు బయటికెళ్లే దారి సరిగ్గా మా వరుసల కింద ఉండేది. ఆయన రెయిలింగ్ దగ్గరికి దిగి నిలబడి, గెలిచినా ఓడినా, చేయెత్తి ఊపుతూ పెద్ద గొంతుతో అనేవాడు, "వచ్చినందుకు థాంక్స్! బాగా ఆడారు మీవాళ్లు! జాగ్రత్తగా డ్రైవ్ చేసుకుంటూ వెళ్లండి!" మావాళ్లు కొందరు నవ్వేవారు. నాకూ కాస్త చిన్నతనంగా ఉండేది. ఓడిపోయిన రోజు కూడా ఎందుకిదంతా అని ఒకసారి అడిగేశాను. "వాళ్లు రాకపోతే మనం ఎవరితో ఆడతాం?" అన్నాడు.

నా చివరి సెమిస్టర్. ఉద్యోగం ఖాయమైంది, కంపెనీ వాళ్లు వీసాకి అప్లై చేస్తామన్నారు. ఆ వారం పక్క రాష్ట్రం టీమ్‌తో మ్యాచ్. తాతల కాలం నుంచీ ఉన్న వైరం అది. అక్టోబర్‌లో కూడా ఎండ మాడ్చేస్తోంది. మంచినీళ్లకి లైన్లో నిలబడితే, నా వెనక అవతలి టీమ్ చొక్కాలతో ఇద్దరు. ఒకడు రెండోవాడితో అన్నాడు, నాకు వినపడాలనే: "వీడికి అసలు ఇది ఏ ఆటో తెలుసంటావా?" ఇద్దరూ నవ్వారు. నేను వెనక్కి తిరగలేదు. రెండు సీసాలు కొనుక్కుని, ఒకటి వాల్టర్ గారికిచ్చి, కూర్చున్నాను.

ఇది ఎందుకు చెప్పాను? మీరు నా పక్షాన ఒక్క అడుగు వేస్తారని. అవును, అందుకే చెప్పాను. వేయకండి. నేను కొట్టింది వాళ్లని కాదు.

చివరి క్షణాల్లో ఒక్క పాయింట్ వెనక ఉన్నాం. మా కిక్కర్ తన్నిన బంతి గోల్ స్తంభానికి తగిలి బయట పడింది. అయిపోయింది. ఒక్కసారిగా అంత జనమూ నిశ్శబ్దమైపోయారు. దూరంగా మూల నుంచి వాళ్ల అరుపులు మాత్రమే. తర్వాత వాళ్లు కింద దారిలోంచి బయటికి వెళ్లడం మొదలుపెట్టారు. కొందరు పైకి చూసి టాటా చెబుతున్నారు, ఏడుపు మొహాలు పెట్టి వెక్కిరిస్తున్నారు. వాల్టర్ గారు ఎప్పట్లాగే రెయిలింగ్ దగ్గరికి దిగాడు. నేను ఆయన వెనక రెండు మెట్ల పైన. నా చేతిలో సీసా. ఐసులో పెట్టి అమ్ముతారు కదా, అడుగున నీళ్లు ఇంకా గడ్డకట్టే ఉన్నాయి. మూత బిగించి ఉంది.

విసిరాను.

ఎవరి మీదకీ గురి చూడలేదు అని పద్నాలుగేళ్లుగా నాకు నేను చెప్పుకుంటున్నాను. గురి చూడకపోతే తగ్గిపోతుందా? అంతమంది నడుస్తున్న చోటికి విసిరితే ఎవరో ఒకరికి తగలక ఏమవుతుంది? తగిలింది ఒక అమ్మాయికి. వాళ్ల బ్యాండ్‌లో ట్రంపెట్ వాయించే అమ్మాయి. తెల్ల యూనిఫారం, టోపీ తీసి చంకలో పెట్టుకుంది. టోపీ ఉన్నా సరిపోయేది. కనుబొమ్మ మీద తగిలింది. కింద కూర్చుండిపోయింది. చేయి అడ్డుపెట్టుకుంటే వేళ్ల మధ్య నుంచి రక్తం కారి తెల్ల చొక్కా చేతి మీద గీతలు గీతలుగా పడింది. ఏడవలేదు. పైకి చూసింది. ఎవరు చేశారో వెతుకుతున్న చూపు కాదది. ఏం జరిగిందో అర్థంకాని చూపు.

ఆ క్షణాన మా వైపు గాల్లో ఉన్న చేయి ఒక్కటే. వాల్టర్ గారిది.

"ఆ ముసలాయనే! నేను చూశాను!" అని కింద నుంచి ఒకావిడ వేలు చూపించింది. ఆవిడ అబద్ధం చెప్పలేదు. ఆవిడ చూసింది ఆ చేతినే. నిమిషంలో ఇద్దరు సెక్యూరిటీ గార్డులు వచ్చారు. ఒకతను వాల్టర్ గారిని పక్కకి తీసుకెళ్లాడు. "నేను చేయి ఊపాను, అంతే," అని ఆయన చెప్పడం వినిపిస్తోంది. గొంతులో కోపం లేదు. ఏదో పొరపాటు, ఇప్పుడే తేలిపోతుందన్నట్టు చెబుతున్నాడు. రెండో గార్డు నా దగ్గరికి వచ్చాడు.

"ఆయనతో వచ్చావా?"

"అవును."

"ఆయన విసరడం చూశావా?"

"చూడలేదు."

"ఆయన చేతిలో సీసా ఉండిందా?"

ఆ ఒక్క క్షణంలో నా తలలో తిరిగినవన్నీ చెప్పగలను. పోలీసు, కేసు, వీసా, ఎయిర్‌పోర్ట్, మా నాన్న ఫోన్ ఎత్తడం. వీటిలో వాల్టర్ గారు లేడు.

"ఉండింది," అన్నాను.

నిజమే. ఉండింది. నేనే కొనిచ్చాను. మొదటి సగంలోనే తాగేసి సీటు కింద పెట్టాడు. ఇంకొక్క మాట, "తాగేశాడు, అదిగో అక్కడుంది," అంటే చాలు. అనలేదు. అబద్ధం ఆడలేదని తర్వాత ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నానో! నిజంతో మనిషి గొంతు కోయడం అబద్ధం కంటే తేలికని ఆ రోజే తెలిసింది నాకు.

గార్డు తల ఊపి రాసుకున్నాడు. వాల్టర్ గారు మాకు దూరంగా ఉన్నాడు. నా మాట ఆయనకి వినపడలేదు. ఇద్దరూ కలిసి ఆయన్ని మెట్ల మీదుగా నడిపించుకుంటూ తీసుకెళ్తుంటే చుట్టూ జనం ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. ఆయన వెనక్కి తిరిగి నన్ను చూసి, "డొరతీకి ఫోన్ చేసి కంగారు పడొద్దని చెప్పు," అన్నాడు.

చేశాను. కంగారు పడొద్దని చెప్పాను.

ఆ అమ్మాయికి కుట్లు పడ్డాయని తర్వాత తెలిసింది. కన్ను బాగానే ఉందట. వాల్టర్ గారికి ఒక ఉత్తరం వచ్చింది: రెండు సీట్లూ రద్దు, ఇకమీదట స్టేడియంలోకి అడుగు పెట్టకూడదు. విద్యార్థులని ఇంట్లో ఉంచుకునే ఆ ప్రోగ్రామ్ వాళ్లు కూడా మర్యాదగా తప్పుకోమన్నారు. చిన్న ఊరు. సగం ఊరికి ఆయన పాఠం చెప్పాడు. కిరాణా షాపులో ఆయన దగ్గర చదువుకున్న ఒకావిడ ఆయన్ని చూసి పక్క లైన్లోకి మారిపోవడం నా కళ్లతో చూశాను. నేను ఆయన సరుకుల బండి తోస్తున్నాను అప్పుడు.

ఆయన ఆ అమ్మాయికి వాళ్ల యూనివర్సిటీ ద్వారా ఒక ఉత్తరం రాశాడు. క్షమాపణ కాదు, తను చేయలేదు కదా. గాయం త్వరగా మానాలని, మా ఊరికి వచ్చిన పిల్లకి ఇలా జరిగినందుకు సిగ్గుపడుతున్నానని. అది కూడా ఆయనకే ఎదురు తిరిగింది. చేయనివాడు ఉత్తరమెందుకు రాస్తాడు అన్నారు.

ఒక సాయంత్రం వాళ్ల వరండాలో కూర్చున్నాం. అంతకుముందు ఎప్పుడూ లేనిది, ఆయన అడిగాడు, "నువ్వు కూడా నేనే చేశానంటావా?"

అదే సమయం. దేవుడు అరచేతిలో పెట్టి ఇచ్చినట్టు ఇచ్చాడు. నేనేమన్నానో తెలుసా? "మీరు చేయలేదని నాకు తెలుసు," అన్నాను.

ఆయన నా చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. చాలాసేపు వదల్లేదు. "ఆ మాట అన్నది నువ్వొక్కడివే," అన్నాడు. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. విసిరింది ఒక తప్పు. గార్డుకి చెప్పింది రెండో తప్పు. ఈ మూడోదానికి పేరేమిటి? నా భయం కోసం ఆయన పరువు తీశాను, సరే. ఆయన కృతజ్ఞత కూడా ఎందుకు తీసుకున్నాను? అదైనా వదిలేయాల్సింది కదా.

తర్వాత నేను మోరిస్‌విల్ అనే ఊరికి వచ్చేశాను. ఉద్యోగం, పెళ్లి, ఇల్లు, ఇద్దరు పిల్లలు. మొదట్లో థాంక్స్ గివింగ్‌కి ఫోన్ చేసేవాడిని. ఆయన ప్రతిసారీ మ్యాచ్ గురించే మాట్లాడేవాడు. రేడియోలో వింటున్నానని, మ్యాచ్ రోజు గేటు బయట పార్కింగ్ దగ్గర నిలబడి వెళ్లేవాళ్లకి టాటా చెప్పి వస్తున్నానని. బయట నిలబడకూడదని ఎవరూ అనలేదుగా అని నవ్వేవాడు. ఆ నవ్వు భరించలేక ఫోన్లు తగ్గించాను. మానేశాను.

హెచ్-వన్ వచ్చాక చెబుదామనుకున్నాను. మా ఆవిడ సిటిజన్ కావడంతో గ్రీన్ కార్డ్ త్వరగానే వచ్చింది, అది వచ్చాక అనుకున్నాను. సిటిజన్‌షిప్ ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది, పట్టుబడని నేరం ఏదైనా చేశావా అని. ఆ ప్రశ్న ముందు ఎంతసేపు కూర్చున్నానో! 'లేదు' అన్న గడిలో టిక్ పెట్టాను. పాస్‌పోర్ట్ వచ్చింది. ఇక నన్ను ఎవరూ ఎక్కడికీ పంపలేరు. అప్పుడైనా చెప్పానా? లేదు. అంటే భయం వీసాది కాదన్నమాట. ఎవరో ఇద్దరు ముసలివాళ్లు నన్ను మంచివాడనుకుంటున్నారు, అది పోతుందని భయం.

పోయిన వసంతంలో ఒక ఆదివారం ఉదయం ఫోన్ చేశాను. ఏం చెప్పాలో కాగితం మీద రాసుకుని మరీ చేశాను. డొరతీ గారు ఎత్తింది. నా గొంతు వెంటనే గుర్తుపట్టింది. వాల్టర్ గారు పోయి అప్పటికి నాలుగు నెలలు.

"నీ గురించి అనేవాడు," అంది ఆవిడ. "చివరిదాకా అనేవాడు. ఊరంతా నమ్మకపోయినా ఆ కుర్రాడొక్కడు నమ్మాడు నన్ను అని."

నేను నమ్మడమేమిటి? నాకు తెలుసు.

కాగితం ముందే ఉంది. మొదటి వాక్యం కళ్లకి కనిపిస్తూనే ఉంది. "ఆయన చాలా మంచివారు," అన్నాను. "ఇటువైపు వస్తే తప్పకుండా రా," అంది ఆవిడ. వస్తానన్నాను.

ఇదంతా తెలుగులో రాశానని గమనించే ఉంటారు. డొరతీ గారికి తెలుగు రాదు. ఆ ట్రంపెట్ అమ్మాయికీ రాదు. ఆమెకిప్పుడు ముప్పై దాటి ఉంటాయి. అద్దంలో ఆ మచ్చ చూసుకున్నప్పుడల్లా ఒక నిర్దోషిని తిట్టుకుంటూ ఉండొచ్చు. తెలియాల్సిన ఇద్దరూ చదవలేని భాష చూసుకుని ఒప్పుకుంటున్నాను. ఇదీ తప్పించుకోవడమేనా? అవును. కాదని మీతో వాదించను. డొరతీ గారికి ఇంగ్లిష్‌లో రాస్తానని మాట కూడా ఇవ్వను. ఇలాంటి మాటలు నాకు నేను చాలా ఇచ్చుకున్నాను. రాసినా, ఎనభై దాటిన ఆవిడకి ఇంకా మిగిలిన ఒక ఓదార్పుని నేనే లాగేసుకున్నట్టవుతుందేమో. ఇది ఆవిడ మీద దయా, నా పిరికితనం వేసుకున్న కొత్త చొక్కానా? తేల్చుకోలేకపోతున్నాను.

కానీ ఏ భాషలోనూ ఇంతవరకు అనలేదు నేను. సీసా విసిరింది నేను. అడిగినప్పుడు సగం నిజం చెప్పి ఊరుకుంది నేను. వాల్టర్ గారు ఏ పాపమూ ఎరగడు.

ఈ మూడు వాక్యాలకి మూడు ఆదివారాలు పట్టింది. రాసేశాను. ఊపిరి కొంచెం లోపలిదాకా వెళ్తోంది. అంతకుమించి ఏమీ మారలేదు.