నోరెళ్ళబెట్టే తాత

లిఫ్టు తాతకి ఉన్న జబ్బు ఒక్కటే, నోరెళ్ళబెట్టడం. ఉద్యోగమంతా ఇనపపెట్టెలో నిలబడి జనాన్ని పైకీ కిందికీ మోసిన మనిషి. రిటైరై బయటపడ్డాక భూమ్మీద కనబడిందల్లా ఆయనకి వింతే. గోడ మీద తడిమరక చూస్తే "ఆహా!" కాలవలో ఆకు కొట్టుకుపోతే "ఓరి ఓరి!"

పాలకి పంపితే ప్యాకెట్టు ఎండకి వేడెక్కాక గానీ ఇల్లు చేరేవాడు కాదు.

"పాలు తెమ్మంటే కాచుకొచ్చారా?" అనేది భార్య. ఆవిడ నాలుక కత్తిపీటకి అక్క.

"అది కాదే, తడి సిమెంటు మీద పిచ్చుక నడిచి వెళ్ళింది!"

"నడవక, లిఫ్టెక్కుతుందా?"

ఇంతలో మనవరాలికి కాలు విరిగింది. కట్టు విప్పాక డాక్టరమ్మ రోజూ వీధి మలుపు దాకా నడిపించమంది, లేకపోతే కాల్లో బలం రాదంది. అయిదేళ్ళ పిల్లకి కొండంత రోషం. "నొప్పిగా ఉందా తల్లీ?" అన్నారంటే చాలు, గుమ్మంలో చతికిలబడేది. ఇక ఆ రోజు అడుగు పడదు. అలాంటి పిల్లని తీసుకెళ్ళి, ఈయన బేకరీ దగ్గరే వింతలు చూపించి వెనక్కి తెచ్చేస్తున్నాడు. మలుపు ఇంకా అల్లంత దూరం!

భార్యకి ఒళ్ళు మండింది. ఒకనాటి సాయంత్రం కొంగు బిగించి వెనకాలే బయల్దేరింది.

చూస్తే ఏముంది? పిల్ల కాలు బాగా పడుతున్నంతసేపూ పక్కన పిడుగు పడ్డా ఆయన తలెత్తడు. ఆ కాలు కాస్త ఈడ్చిందా, "ఓరి ఓరి!" అంటూ చటుక్కున గొంతుక్కూర్చుంటాడు. పిల్లా కూర్చుంటుంది. నొప్పి అన్న మాటే లేదు.

బేకరీ ముందు వాళ్ళని కలుసుకుంది. ఆయన నేలకి ముక్కు ఆనించి ఉన్నాడు. పిల్ల నాన్నమ్మ చెవిలో గుసగుసలాడింది.

"తాతకి మోకాళ్ళ నొప్పులు నాన్నమ్మా. అడిగితే ఒప్పుకోడు. అందుకే నేనూ కూర్చుంటున్నా. తాతతో అనకేం?"

తిట్టడానికి తెచ్చుకున్న మాటలన్నీ మింగేసి, ఆవిడా వంగి చూసింది.

తూనీగ రెక్క నిటారుగా నిలబడి రోడ్డు మీద నడిచిపోతోంది. కింద చీమలున్నాయని పట్టి చూస్తే గానీ తెలియదు. వాలుటెండ తగిలినప్పుడల్లా ఆ రెక్కలో నీలం, ఆకుపచ్చ, బంగారం. ఇన్నేళ్ళుగా ఈ దారినే కూరలు మోసుకెళ్ళింది, ఒక్కనాడూ తల వంచి చూడలేదు.

"ఏమండీ, ఇదెక్కడికి పోతోంది?"

"ఏమో! నేనెప్పుడూ చివరిదాకా చూళ్ళేదు."

"అయితే పదండి!"

రెక్క ముందు, ముగ్గురూ వెనక. గాలొస్తే ఆగుతుంది, వీళ్ళూ ఆగుతారు. చివరికది ఓ గోడ పగుల్లోకి దూరి మాయమైంది. పిల్ల చప్పట్లు కొట్టింది. ఆవిడ తలెత్తి చూస్తే, డాక్టరమ్మ చెప్పిన మలుపు ఎప్పుడో వెనకబడిపోయింది!

"ఇంటికెలాగే ఇప్పుడు?" అన్నాడు తాత.

"తాతకి దారిలో ఏదైనా చూపిద్దాంలే నాన్నమ్మా," అని పిల్ల ఇద్దరి చేతులూ పట్టుకుని బయల్దేరదీసింది.